తీర్పు గడి

ఈ మధ్య పాత పుస్తకాలు సర్దుతుంటే గట్టి అట్ట వేసిన ఒక రూళ్ల నోటుపుస్తకం బయటపడింది. పదిహేడేళ్ల వయసులో మొదలుపెట్టి పాతికేళ్లకు పైగా, నడుమ నడుమ మానేస్తూ మళ్లీ మొదలుపెడుతూ, చూసిన సినిమాల వివరాలు రాసుకున్న పుస్తకం అది. ప్రతి పేజీలోనూ మూడు గడులు గీసి ఉన్నాయి. మొదటి గడిలో సినిమా పేరు, రెండో దానిలో చూసిన తేదీ, మూడో గడికి పైన కాస్త లావుపాటి అక్షరాలతో ‘తీర్పు’ అనే శీర్షిక. సినిమా బాగుందా లేదా అన్న తీర్పు కాదది. కథలో తప్పెవరిది అన్న తీర్పు. ఆ వయసులో గంభీరమైన సినిమా చూడడమంటే నాకు ఒక వ్యాజ్యం వినడమే. దోషి ఎవరో తేల్చుకోకుండా హాలు దాటి బయటికి రావడమంటే ప్రేక్షకుడిగా నా పని ఎగ్గొట్టడమేనని గట్టిగా నమ్మేవాణ్ని.

మొదటి పేజీలో మొదటి పేరు ‘బైసికిల్ థీవ్స్’. విట్టోరియో డి సీకా 1948లో తీసిన ఆ ఇటాలియన్ చిత్రాన్ని కాలేజీ ఫిల్మ్ క్లబ్ వాళ్లు 16 ఎం.ఎం. ప్రింటు తెప్పించి చూపించారు. ప్రొజెక్టర్‌కు విడిగా గది లేదు. మా వెనక బల్ల మీద పెట్టిన యంత్రం కుట్టుమిషనులా టకటకలాడుతుంటే, రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఉన్నట్టుండి రోమ్ వీధుల్లోంచి లేచి వచ్చినవాళ్లలా కళ్లు చిట్లించుకుని ఒకరినొకరం చూసుకుని, మళ్లీ చీకట్లోకి వెళ్లేవాళ్లం. యుద్ధం ముగిసిన తర్వాతి పేదరికంలో ఒకడికి గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది, కానీ సైకిలు ఉంటేనే అది అతనిది. భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెట్టి, అంతకు ముందు తాకట్టులో ఉన్న సైకిలును విడిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన రోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. కొడుకు బ్రూనోను వెంటబెట్టుకుని ఊరంతా గాలించి, ఎక్కడా దొరక్క, చివరికి ఆ తండ్రి తానే మరొకరి సైకిలు మీద చెయ్యి వేసి జనానికి చిక్కుతాడు. నా పుస్తకంలో మూడో గడిలో నీలం సిరాతో ఇలా ఉంది: ‘తండ్రిదే తప్పు. పిల్లవాడి కళ్లెదుట దొంగతనానికి దిగకూడదు.’

ఆ వాక్యాన్ని ఇప్పుడు చదివితే సిగ్గుగా ఉంటుంది. అందులోని కాఠిన్యానికి కాదు, అందులోని అబద్ధానికి. ఆ తండ్రి కొడుకు కళ్లెదుట దొంగతనానికి దిగలేదు. ముందుగా పిల్లవాడి చేతిలో చిల్లర పెట్టి, ట్రామ్ ఎక్కి వెళ్లిపొమ్మని పంపేశాడు. జనం రద్దీలో పిల్లవాడికి ట్రామ్ తప్పిపోయింది, అందువల్ల చూడకూడనిది చూశాడు. మా అమ్మాయికి అయిదేళ్ల వయసప్పుడు ఆ సినిమాను రెండోసారి చూసేవరకు ఈ సంగతి నాకు తెలియదు. తెర మీద స్పష్టంగా కనిపించినదాన్ని కూడా, తీర్పు చెప్పే తొందరలో, నేను మొదటిసారి చూడనే లేదు. సాక్ష్యం వినకుండా తీర్పు రాసిన న్యాయమూర్తిని ఏమంటారో ఆ మాట నాకు నేనే అనుకున్నాను.

రెండోసారి నా మనసును కోసిన దృశ్యం మరొకటి ఉంది. తాకట్టు దుకాణంలో ఆ దంపతుల దుప్పట్ల మూటను తీసుకుని ఒక ఉద్యోగి లోపలి అరల దగ్గరికి వెళ్తాడు. అరల మీద అరలు, పైకప్పు దాకా, అన్నింటి నిండా జనం తాకట్టు పెట్టిన పక్కబట్టల మూటలే. వీళ్ల మూటను పెట్టడానికి అతను ఆ అరలు పట్టుకుని పైకి ఎక్కుతాడు. కష్టం వీళ్లొక్కరిదే కాదని చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేకపోయింది, ఆ ఎక్కడం చాలింది. ఆ తండ్రి పాత్ర వేసిన లాంబెర్టో మజ్జొరాని నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. కేరీ గ్రాంట్‌ను పెట్టుకుంటే డబ్బు సమకూరుస్తానని హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ అన్నా డి సీకా ఒప్పుకోలేదు. కేరీ గ్రాంట్ నాకు ఇష్టమైన నటుడే. కానీ అంత అందగాడి సైకిలు పోతే మరొకటి కొనుక్కుంటాడులే అనిపించేది కదా.

పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత ‘12 యాంగ్రీ మెన్’ ఉంది. 1957లో వచ్చిన సినిమా, దర్శకుడు సిడ్నీ లుమెట్‌కు వెండితెర మీద మొదటిది. అంతకు మూడేళ్ల ముందు రెజినాల్డ్ రోజ్ టెలివిజన్ కోసం రాసిన నాటకానికి విస్తరణ. తండ్రిని చంపాడన్న ఆరోపణ మీద ఒక కుర్రవాడికి మరణశిక్ష పడబోతోంది. అతను దోషో కాదో తేల్చవలసిన పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుంటారు. తొలి ఓటింగులో పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడు మాత్రం కాదంటాడు. గంటన్నర పైచిలుకు నిడివిలో కొద్ది నిమిషాలు తప్ప కథ ఆ గదినీ దాన్ని ఆనుకున్న కడుగుకునే చోటునూ దాటదు. మాటలు తప్ప మరేమీ లేని అలాంటి సినిమాకు నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. హెన్రీ ఫోండా వేసిన ఆ ఒక్కడి వాదన గెలుస్తుంటే, కుంటుకుంటూ నడిచే ముసలి సాక్షి తలుపు దగ్గరికి పదిహేను సెకన్లలో రాలేడని, దానికి నలభై ఒక్క సెకన్లు పడుతుందని అతను గదిలోనే నడిచి చూపిస్తుంటే, పోటీలో మా జట్టే నెగ్గుతున్నట్టు నేను లోలోపల కేరింతలు కొట్టాను. తీర్పు గడిలో పెద్ద అక్షరాలతో ‘కుర్రవాడు నిర్దోషి’ అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను.

ఈ సినిమా తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ ఆ రెండు గీతలు పలచబడుతూ వచ్చాయి. అసలు ఆ కుర్రవాడు హత్య చేశాడో లేదో సినిమా ఎక్కడా చెప్పదు. సందేహానికి తావుందని మాత్రమే ఆ పన్నెండు మందీ ఒప్పుకుంటారు. అది తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఈ సినిమా హెన్రీ ఫోండాది కాదని, చివరిదాకా మొండికేసిన మూడో నంబరు జ్యూరరుదని తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. లీ జె. కాబ్ వేసిన ఆ పాత్రకు ఒక కొడుకు ఉన్నాడు. కొట్లాడి వెళ్లిపోయినవాడు, చాలాకాలంగా కంటికి కనిపించనివాడు. కుర్రవాడి మీద అరుస్తున్నంతసేపూ అతను నిజానికి కొడుకు మీదే అరుస్తున్నాడు. ఆవేశంలో బల్ల మీదికి విసిరిన పర్సులోంచి ఇద్దరూ కలిసి దిగిన ఫొటో జారిపడితే దాన్ని చింపేసి, ఆ వెంటనే బల్ల మీద వాలిపోయి ఏడుస్తాడు. ఇరవై ఏళ్లప్పుడు ఆ ఏడుపును నేను ప్రతినాయకుడి ఓటమిగా చూశాను. పిల్లలు పెరిగి ఎదురు సమాధానాలు చెప్పే వయసుకు వచ్చాక అదే దృశ్యం దగ్గర టీవీ ఆపేసి కాసేపు వరండాలో పచార్లు చేయవలసి వచ్చింది. అందరూ గది విడిచి వెళ్లిపోతుంటే, అంతసేపూ అతనితో కలబడిన ఎనిమిదో నంబరు జ్యూరరు, ఆ ఫోండా పాత్రే వెనక్కి వచ్చి, కోటు అందుకుని, అతను తొడుక్కోవడానికి పట్టుకుంటాడు. ఒక్క మాట ఉండదు. నా మొదటి చూపులో ఆ కోటు కూడా లేదు.

ఆ గది అంత ఉక్కపోతగా ఎందుకు అనిపిస్తుందో లుమెట్ తన పుస్తకంలో వివరించాడు. మొదట్లో కెమెరాను కళ్ల మట్టానికి పైన పెట్టి, విశాలంగా చూపే లెన్సులతో తీశారు. నడుమ కళ్ల మట్టానికి దించారు. చివరి భాగంలో అంతకన్నా కిందికి దించి, దూరపు లెన్సులు వాడారు. అందువల్ల గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, చివర్లో పైకప్పు కూడా తలల మీదికి దిగుతున్నట్టు ఉంటుంది. ఇది చదివాక మళ్లీ చూసి, కెమెరా ఎక్కడ దిగుతుందో పట్టుకుందామని పంతం పట్టాను. పది నిమిషాల్లో పంతం మరిచిపోయి వాళ్ల గొడవలో పడ్డాను. మంచి సినిమా కిటుకు తెలిసినా ఆటకట్టదని ఆనాడే తెలిసింది.

నోటుపుస్తకంలో మూడో గడి పట్టక పక్క పేజీకి కూడా పాకిన తీర్పు ఒక్క ‘రాషోమోన్’కే ఉంది. జపాన్ దర్శకుడు అకిర కురొసావా 1950లో తీసి, మరుసటి ఏడు వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ బహుమతి అందుకున్న చిత్రం. అడవిలో ఒక సమురాయ్ చనిపోయాడు. బందిపోటు ఒకలా, సమురాయ్ భార్య ఒకలా, చనిపోయినవాళ్ల ఆత్మ పూనే ఒక స్త్రీ నోట పలికిన మృతుడు ఇంకోలా, కట్టెలు కొట్టేవాడు మరోలా చెబుతారు. విచిత్రమేమిటంటే ముగ్గురిలో ఎవరూ తన నేరాన్ని ఇంకొకరి మీదికి నెట్టరు. చంపింది నేనే అని బందిపోటు గొప్పగా ఒప్పుకుంటాడు, తన చేతిలోని బాకే కారణమన్నట్టు భార్య చెబుతుంది, నన్ను నేనే పొడుచుకున్నానని మృతుడు అంటాడు. నేను ఎడమవైపు పేర్లు, కుడివైపు ఎవరెవరు ఏమన్నారో రాసి, బాకు ఏ సమయంలో ఎవరి చేతిలో ఉందో బాణం గుర్తులు వేసి, నిజం రాబట్టాలని రెండు సాయంకాలాలు కుస్తీ పట్టినట్టు ఆ పేజీలు చూస్తే తెలుస్తోంది. కింద ‘లెక్క కుదరడం లేదు’ అని రాసి వదిలేశాను. ఈ స్క్రిప్టు మాకు అర్థం కావడం లేదంటూ సినిమా మొదలుకాక ముందు తన సహాయ దర్శకులే వచ్చి అడిగారని కురొసావా ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

చాలాకాలం తర్వాత ఒక రాత్రి దాన్ని మళ్లీ చూస్తుండగా, విచారణ సన్నివేశాల్లో న్యాయాధికారి ఎక్కడా కనిపించడని, అతని గొంతు కూడా వినిపించదని గమనించాను. సాక్షులు నేల మీద కూర్చుని నేరుగా మనవైపే చూస్తూ చెబుతారు. వినిపించని ప్రశ్నను తామే పలికి జవాబిస్తారు. అంటే ఆ పీఠం మీద కూర్చున్నది నేనే. ఇన్నాళ్లూ నోటుపుస్తకంలో మూడో గడి గీసుకుని నా అంతట నేను ఎక్కి కూర్చున్నాననుకున్న పీఠాన్ని, దర్శకుడే నా కోసం వేసి ఉంచాడన్నమాట. వేసింది కూర్చోబెట్టి గౌరవించడానికి కాదు. అన్నీ విన్నాక కూడా ఏమీ తేల్చలేని ఇబ్బంది ఎలా ఉంటుందో చూడమని.

‘ఇకిరు’కు నేను చేసిన అన్యాయం వేరే రకం. 1952 నాటి ఆ కురొసావా చిత్రం ఎదురుగా, తీర్పు గడిలో, ‘నెమ్మది. సినిమా అయిపోకముందే కథానాయకుడు చనిపోయాడు’ అని ఉంది. అంతే. పురపాలక కార్యాలయంలో ముప్పై ఏళ్లపాటు కాగితాల మీద ముద్ర వేస్తూ బతికిన వతనబె అనే అధికారికి కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. మిగిలిన కొద్ది నెలల్లో, మురికిగుంట పూడ్చమని స్త్రీలు ఎప్పుడో పెట్టుకున్న అర్జీని పట్టుకుని, ఆ స్థలంలో పిల్లల పార్కు కట్టిస్తాడు. అతను పోయేటప్పటికి సినిమా ఇంకా దాదాపు మూడోవంతు మిగిలి ఉంటుంది. ఆ మూడోవంతంతా అతని సంతాప సభే. సహోద్యోగులు తాగుతూ, పార్కు కట్టించిన ఘనత ఎవరిదని వాదించుకుంటారు. కుర్రతనంలో అది నాకు అనవసరపు సాగతీతగా తోచింది. నేనూ ఒక కార్యాలయంలో పాతికేళ్లు ఫైళ్లు నెట్టాక మళ్లీ చూస్తే, ఆ చివరి భాగమే అసలు సినిమా అనిపించింది. తాగిన మత్తులో వాళ్లంతా ఏడ్చి, ఇక మీదట వతనబెలా పని చేద్దామని ప్రమాణాలు చేస్తారు. తెల్లవారి కొత్త అధికారి కుర్చీలో కూర్చుని, వచ్చిన అర్జీని ఎప్పటిలాగే మరో విభాగానికి పొమ్మంటాడు. ఒక్క ఉద్యోగి మాత్రం దిగ్గున లేచి నిలబడతాడు. అందరూ తనవైపు చూసేసరికి మెల్లగా కూర్చుండిపోతాడు. ఫైళ్ల గుట్టల వెనక అతని ముఖం కూడా కనుమరుగవుతుంది. నేను అలా లేచి నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. కూర్చున్న రోజులు అంతకన్నా బాగా గుర్తున్నాయి.

ఉత్కంఠ అనే మాటను మనం ఎక్కువగా హంతకుడెవరో తెలియని కథలకే వాడుతుంటాం. నా అనుభవంలో అలాంటి కథల బిగి మొదటి చూపుతోనే తీరిపోతుంది, ముడి విడిపోయాక తాడుతో పనేముంది. పై సినిమాల్లో బిగి అది కాదు. చెప్పగలిగీ చెప్పకుండా ఆపుకున్న మాటలో ఉంది. 1955 నాటి ‘పథేర్ పాంచాలి’లో, కూతురు పోయిన సంగతి తెలియని తండ్రి ఊరినుంచి తెచ్చిన చీర చేతికిచ్చినప్పుడు తల్లి కుప్పకూలి ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకు వినపడదు; దాని చోటులో తార్ షెహనాయి అనే తీగవాద్యం గొంతెత్తుతుంది. లండన్‌లో ‘బైసికిల్ థీవ్స్’ చూసి వచ్చి ఈ సినిమా తీసిన సత్యజిత్ రాయ్ ఆ ఒక్క శబ్దాన్ని తీసేయడంతో, ఏడవవలసిన పని మనకు మిగిలింది. ఈనాటి గంభీర చిత్రాల్లో చాలావాటితో నా పేచీ ఇక్కడే. పాత్ర కంట నీరు తిరగకముందే వయొలిన్లు మొదలవుతాయి. అదేదో నాకు చేతకాని పనైనట్టు.

ఈ వరసలో ఒక సినిమా గురించి నా మనసు ఇప్పటికీ రెండుగా ఉంది. 2006లో వచ్చిన జర్మన్ చిత్రం ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’. 1984 నాటి తూర్పు బెర్లిన్‌లో రహస్య పోలీసు అధికారి ఒకడు నాటకకర్త ఇంటి మాటలు చెవులకు యంత్రం తగిలించుకుని వింటూ వింటూ, చివరికి అతన్నే కాపాడతాడు. ఉల్రిక్ మ్యూహె ముఖంలో కండరం కదలకుండా ఆ మార్పంతా పలికించాడు. హాల్లో ఏడ్చాను, దాచడమెందుకు. బయటికి వచ్చాక వెంట ఉన్న మిత్రుడు, ‘అలాంటి అధికారి నిజంగా ఎక్కడైనా ఉన్నాడంటావా?’ అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత చదివితే, ఒకనాడు ఆ రహస్య పోలీసుల జైలుగా ఉండి ఇప్పుడు స్మారకంగా మారిన చోట చిత్రీకరణకు అక్కడి నిర్వాహకుడు ఇదే కారణంతో అనుమతి నిరాకరించాడని తెలిసింది. మిత్రుడి ప్రశ్న న్యాయమైనదే. బాధితుల కన్నా మారిన మనసున్న వేటగాడి మీద మనకు ఎక్కువ జాలి కలిగించే కథలో ఏదో చిక్కుంది. అయినా ఆ సినిమా టీవీలో వస్తే చివరిదాకా చూడకుండా లేవలేను.

నోటుపుస్తకంలో ఆఖరి పేరు ‘ఎ సెపరేషన్’. ఇరాన్ దర్శకుడు అస్గర్ ఫర్హాదీ 2011లో తీసినది. ఒక చిత్రోత్సవంలో మా ఆవిడ, నేను, అప్పటికి పన్నెండేళ్లున్న మా అమ్మాయి కలిసి చూశాం. తెర వెలగగానే భార్యాభర్తలు సిమిన్, నాదెర్ పక్కపక్కన కూర్చుని మనవైపే చూస్తూ విడాకుల గురించి వాదించుకుంటున్నారు. న్యాయమూర్తి కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. మళ్లీ అదే పీఠం! ఈసారి తొందరపడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కూతురి భవిష్యత్తు కోసం దేశం విడిచి వెళ్లాలని ఆమె. మతిమరుపు జబ్బున పడ్డ తండ్రిని వదిలి రానని అతను. ఆమె పుట్టింటికి వెళ్లడంతో ముసలాయనను చూసుకోవడానికి రజియె అనే గర్భిణి పనికి కుదురుతుంది. ఒకనాడు ఆమె ఆయనను మంచానికి కట్టేసి బయటికి వెళ్తుంది, తిరిగొచ్చాక నాదెర్ ఆమెను తలుపు బయటికి నెడతాడు, ఆమెకు గర్భస్రావమవుతుంది. ఆమె గర్భవతి అని అతనికి ముందే తెలుసా? బిడ్డ పోయింది అతను నెట్టడం వల్లేనా? అంతకుముందు రోజు ముసలాయన వీధిలోకి వెళ్లిపోతే రజియె పరుగున వెతుక్కుంటూ రోడ్డు దాకా రావడం మనమే కళ్లారా చూస్తాం. ఆమె రోడ్డు దాటబోయే క్షణాన ఫర్హాదీ దృశ్యాన్ని కత్తిరించి మరో చోటికి వెళ్లిపోతాడు. ఆ కత్తిరింపులో కారు ఆమెను గుద్దిన సంగతి చివరికి గానీ మనకు తెలియదు. కళ్లెదుటే ఉన్నా చూడని సాక్షిని మళ్లీ నేనే అయ్యాను. ఒట్టు అప్పటికే గట్టున పెట్టేశాను.

ఆఖరి సన్నివేశంలో పదకొండేళ్ల కూతురు తెర్మె, తాను తల్లితో ఉంటుందో తండ్రితో ఉంటుందో న్యాయమూర్తికి చెప్పాలి. ఆ పాత్ర వేసింది దర్శకుడి సొంత కూతురే. నిర్ణయించుకున్నానంటుంది. కానీ తల్లిదండ్రులను బయట ఉండమని పంపేస్తారు. నడవాలో ఆవల ఆమె, ఈవల అతను, నడుమ అద్దపు తలుపు. చుట్టూ ఎవరి గొడవల్లో వాళ్లు. వాళ్లు ఎదురుచూస్తుండగానే పేర్లు పడడం మొదలవుతుంది. పేర్లు చివరిదాకా జరిగాయి, జవాబు రాలేదు. హాల్లో లైట్లు వెలిగాక కూడా చాలామంది, ఇంకేదో మిగిలి ఉందన్నట్టు, తెల్లని తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

కారులో నేనూ మా ఆవిడా మొదలుపెట్టాం. నాదెర్ అబద్ధమాడాడని ఆమె. తండ్రిని చూసుకుంటున్నవాడు జైలుకు పోతే ఆ ముసలాయన గతేమిటని నేను. సిమిన్ ఇల్లు వదలకపోతే ఇదంతా జరిగేదా అని నేను. ఇల్లు పట్టుకుని ఉన్నంతకాలం ఆమె మాట ఎవరు విన్నారని ఆమె. సాక్ష్యాలు తిరగేశాం, ఒకరి మాటకు ఒకరం అడ్డం వచ్చాం, గొంతులు కూడా పెంచాం. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మాయి అంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండి, మేము ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అంది:

“నాన్నా, ఆ అమ్మాయి ఏం చెప్పి ఉంటుందని మీరిద్దరూ ఒక్కసారి కూడా అనుకోలేదే?”

ఇల్లు చేరేవరకు మా ఇద్దరిలో ఎవరమూ నాదెర్ పేరు గానీ సిమిన్ పేరు గానీ మళ్లీ ఎత్తలేదు.